వావిలి ఇవ్వని కాటప్ప

కాటప్ప చేతులు తంగేటి బరికెలు వంచి గంప అడుగు అల్లుతున్నాయంటే, నోరు వావిలి గురించి మాట్లాడుతోందన్నమాటే. మంగళవాడలో ఆయన పక్కన కూర్చుని గంపలల్లేవాణ్ణి కాబట్టి ఆ ఉపన్యాసం నాకు నోటికొచ్చు. తంగేడు పసుపుపచ్చగా పూస్తుంది, మేక ముట్టదు, నరికినా మళ్లీ లేస్తుంది. వావిలి లేత నీలంగా పూస్తుంది, గంపకు అంత సొగసైన బరికె ఇంకోటి లేదు. అయితే వేరుశనగ కోసం గట్లు చదును చేసినవాళ్లూ, కరువులో వేర్లతో సహా పొయ్యిలో పెట్టినవాళ్లూ కలిసి దాన్ని వంకలో ఒక మూలకు తరిమేశారు. ఆ మూలకు కాటప్ప కంచె వేసి కాపలా కాసేవాడు. అడిగినవాళ్లకు పుల్ల కూడా ఇచ్చేవాడు కాదు.

లోకంలో ఏదైనా ఆయనకు ఈ రెండింట్లో ఒకటే. ఎప్పుడో గానీ కనపడని పావగడ బస్సు వావిలి. కరువు తంగేడు. కూతురికి చూసిన పెళ్లికొడుకు ఎలాంటివాడని ఊళ్లో నారప్ప అడిగితే, "తంగేడప్పా, యాడ నాటినా బతుకుతాడు" అన్నాడు. సంబంధం కుదిరిపోయింది.

ఒకసారి ఓబక్క కంచె దాటి వంటచెరుకుకని వావిలి నరికితే, కాటప్ప కొడవలి లాక్కున్నాడు. పెండ్లాం లేనోడు చెట్లతో కాపురం చేస్తున్నాడని ఆమె వీధిలో నిలబడి తిట్టింది. అప్పటినుంచి మాటల్లేవు.

ఆ ఓబక్కే ఒక పొద్దున తలదించుకుని మా ముందు నిలబడింది. కూతురు సంజీవమ్మకు కాన్పయింది, ఒళ్లు నొప్పులతో లేవలేకపోతోంది. బాలింతకు వావిలాకు కాచిన నీళ్లు పోయాలి. ఆకు ఉన్నది కాటప్ప కంచెలోనే.

"గంప కావల్ల" అంది.

"చేను ఎండిపాయె గదా ఓబక్కా. గంపలో ఏం పోస్తావు?"

ఆమె కొంగు నలిపింది. "మా పాపకు... నీళ్లు పోయల్ల."

ఆమెకన్నా కాటప్పకే ఎక్కువ సిగ్గేసింది. పురుటి మాట చెవిన పడితే తల ఎత్తలేని మనిషి. ఇవన్నీ నాకెందుకని గొణుగుతూ కొడవలి తీసుకుని వంకవైపు నడిచాడు.

ఇస్తాడా అని ఓబక్క నన్ను అడిగింది.

"మన వీధి ఎల్లక్క కాన్పప్పుడు వాళ్లింటి గోడమీద వావిలాకు ఎవరు పెట్టినారు?" అన్నాను.

"దేవుడే అని వాళ్లత్త టెంకాయ కొట్టింది గదా."

"ఆ దేవుడు ఇప్పుడే వంకలోకి పాయె."

ఓబక్క కొంగుతో మొహం కప్పుకుని అక్కడే కూలబడింది.

కాటప్ప ఆకు మోపుతో వచ్చాడు. ఎవరివైపూ చూడకుండా గంప అంచు కట్టి ముగించాడు. ఆకు నింపి, వీధిలో ఎవరికీ కనపడకుండా పైన తంగేటి కొమ్మలు కప్పాడు. గంప ఆమె నెత్తికెత్తి నేలచూపులు చూస్తూ అన్నాడు:

"ఆకు అయిపోతే, గంప తెగిపాయెనని చెప్పు. నాకు అర్థమైతాది."