మూడూళ్లకు ఒకటే చావు

పందుల జ్వరమని జనం వణికిన ఏడు, పుంగనూరులో ఉన్న నా చిన్నకూతురికి జ్వరం తగిలింది. వాళ్లత్త దాన్ని దొడ్లో చెనక్కాయ మూటలు వేసే రేకుల కొట్టంలో పడుకోబెట్టిందని తెలిసి, రాగిపిండీ పాత చీరగుడ్డలూ సంచిలో పెట్టుకొని మదనపల్లెలో మొదటి బస్సెక్కినాను.

వియ్యపురాలు వాకిట్లోనే అడ్డం నిలబడింది. మూతికి కొత్త మాస్కు, చేతిలో ఫినాయిలు సీసా.

"కొట్టంలోకి పోతే మళ్లా మా ఇంట్లోకి రావద్దు వదినా."

"నీ ఇల్లు చూసేదానికి రాలేదులే. దానికి కూడెవురు పెడతాండారు?"

"గడప మీద పెడతాండాం. లేచి తీసుకుంటాది."

"లేయలేకపోతే?"

సీసా మూత తిప్పి వాకిట్లో ఫినాయిలు చల్లింది. "ఇది తగిలితే బతికేది లేదు. కుప్పంలో ఒకడు పోయినాడు, ఈడ ఒకడు, మీ మదనపల్లెలో ఒకడు. మూడూళ్లలో ముగ్గురు. ఇంట్లో పిల్లోళ్లుండారు, అందరం పోవాల్నా?"

నేను చదివింది మూడో తరగతి. అయినా ఎవరు లెక్క చెప్పినా ఇంకోసారి ఏరి చూసుకోందే నమ్మను.

"మదనపల్లెలో పోయినోడు ఎవురు?"

"మీ పక్కవీధోడే గదా."

"పుంగనూరులో?"

"బస్టాండు ఎనకింటోళ్ల అల్లుడు."

"కుప్పంలో?"

"గ్రానైటు పనోడంట."

"మా పక్కవీధోడు పెండ్లి చేసుకునింది ఆ బస్టాండు ఎనకింట్లోనే. రాళ్లు కోసింది కుప్పంలో. ముగ్గురు కాదు వదినా, ఒకడే."

వాడు చచ్చింది కుప్పంలో. కబురు కన్నోళ్లింటికీ పోయింది, అత్తగారింటికీ పోయింది. రెండిళ్లలోనూ ఏడ్చినారు, రెండిళ్లూ కడుక్కున్నారు. ఏ ఊరికి ఆ ఊరు మా చావే అనుకునింది. వాళ్లమ్మను పలకరించను నేనే పోయినాను. రాతిదుమ్ముకు రెండేండ్ల నుంచి దగ్గుతా ఉండెనని ఆమే చెప్పింది.

"జ్వరమొచ్చి లేచినోళ్లకు కబురు పంపేదెవురు? మా వీధిలో ఇంటింటా పడుకుని లేచినారు. వాళ్లను నీ లెక్కలో యాల కలపలేదు?"

"నీ బిడ్డ గాబట్టి అట్ల మాట్లాడతావు."

"నీ బిడ్డ కాదు గాబట్టి నువ్విట్ల పండబెట్టినావు."

ఆమెను తోసుకొనే లోపలికి పోయినాను. గడప దగ్గర నిన్నటి అన్నం చీమలు పట్టి ఉంది. నా కూతురు కళ్లు తెరిచి "అమ్మా, నేను పోతానా?" అనింది. వాకిట్లో అంత గట్టిగా చెప్పిన లెక్కను దానికి చెప్పకుండా, సంచిలోంచి చీరగుడ్డ తీసి దాని మొగం తుడిచినాను. మా వీధిలో లేచినోళ్లంతా నా కండ్లముందు తిరిగేవాళ్లు. కండ్లకు కనపడకుండా ఏ ఆస్పత్రికి ఎవరు పోయి తిరిగి రాలేదో నాకేం తెలుసు? వియ్యపురాలి లెక్క తప్పని తెలుసుగానీ, సరైన లెక్క నా దగ్గరా లేదు.

ఆటోలో ఆస్పత్రికి తీసుకపోయినాను. మాత్రలిచ్చినారు. చీరగుడ్డ మూతికి కట్టుకొని, అంబలి చెంచాతో పోస్తా నాలుగు దినాలు ఆ మూటల మధ్యనే కూర్చున్నాను. అయిదోనాడు దానికి చెమట పట్టి జ్వరం దిగింది. ఆ పొద్దే మదనపల్లెకు పిలుచుకొచ్చినాను.

వారం తిరక్కుండా వియ్యపురాలికీ అదే జ్వరం. నేను వద్దంటున్నా నా కూతురు పోయి చాకిరీ చేసింది. మూడుదినాల్లో ఆమె లేచి కూర్చునింది. ఏమైందని వీధిలో ఎవరడిగినా, కడుపులో అజీర్తి చేసిందని చెప్పిందంట.

ఆ కొట్టం గడప నేనింకా మరిచిపోలేదు. ఆమె పెట్టిన కాఫీ కూడా ఈపొద్దు వరకు తాగలేదు.