పదకొండో పేరు

ఈ సాయంత్రం అయిదున్నరకు పులికాట్ ఒడ్డున ఒక వీధిలో తుపాను వాలంటీర్ల జాబితా నిండింది. మొత్తం పదకొండు పేర్లు. బడి గోడకు నోటీసు అంటించి పది రోజులైనా అంతవరకు ఒక్కరూ పేరివ్వలేదు. పోయినసారి నీళ్ళొచ్చినప్పుడు ఈ వీధిలోనే ఒక ముసలామెను ఇంట్లో మరిచిపోయారు.

పేర్లు రాబట్టింది అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసి మానేసిన మునెమ్మ. నేను వెంట నడిచాను. ఆమె ఎవరినీ "వస్తావా" అని అడగలేదు. వల బాగుచేసుకుంటున్న ఏకాంబరం దగ్గర ఆగింది.

"ఏమబ్బా, నీళ్ళొస్తే ఈ వీధిలో నడవలేనోళ్ళు ఎవురుండారు?"

"ఎదురింటి తాత. పక్షవాతం గదక్కా."

"ఆయప్పని ఎవురు మోసకపోతారు?"

ఏకాంబరం వల కింద పెట్టాడు.

"నేనే. రాసుకో. మోసేటప్పుడు నన్ను తిట్టకూడదని మాత్రం ఆయప్పకి ముందే చెప్పు."

ప్రతి గడపలోనూ అదే ప్రశ్న వేసింది. ఎవరి పేరు చెప్పారో వాళ్ళనే మోస్తామన్నారు. చివరి ఇంట్లో చేపలమ్మే సెల్వి నవ్వింది.

"నడవలేనిది నువ్వే అక్కా. నీ మోకాలు సూసుకున్నావా? రోజూ చేపల గంప మోసేదాన్ని, నువ్వొక బరువా?"

మునెమ్మ సెల్విని పదకొండో వాలంటీరుగా రాసి, పక్కనే మోయాల్సిన మనిషిగా తన పేరు రాసుకుంది.

ఇన్నేళ్ళుగా విపత్తుల మీద వార్తలు రాస్తున్నాను. మా వీధిలో నడవలేనివాళ్ళెవరో నాకు తెలియదు. మీకు తెలుసా?

రేపు ఉదయం ఆరింటికి, తుపానులో తలదాచుకోవాల్సిన బడి దాకా అందరినీ ఒకసారి మోసి చూస్తారు. మొదటి వంతు మునెమ్మది.