బకెట్ ముసలమ్మ కిటికీ

ఆగిపోయిన లిఫ్టులను తిరిగి నడిపించడమే వృత్తిగా తల నెరిసిన ఆ మెకానిక్కుకు, తన ఇంటిలో ఒక గది ఖాళీ కాబోతున్నదన్న మాట మాత్రం మింగుడుపడలేదు. ఆ గది అతని అక్కగారిది. పసితనంలో వచ్చిన జ్వరం ఆమె వినికిడిని పట్టుకుపోయింది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని నేర్చుకుని, ఎవరికీ బరువు కాకుండా, తమ్ముని ఇంటిలోనే ఆమె యాభయ్యో పడి దాటింది. బంధువులు ఆమెను ‘సాధువమ్మ’ అనేవారు. కయ్యం లేదు, కోరిక లేదు. పలకరిస్తే ఒక చిరునవ్వు, పెట్టినది తిని పళ్ళెం కడిగి పెట్టడం. అంతకు మించి ఆమెను గురించి చెప్పుకోవలసినది ఉన్నదని ఎవరికీ తోచలేదు.

అటువంటి మనిషిని దూరపు ఊరిలోని బధిరుల పాఠశాలవారు పిలిచారు. పిల్లలకు అద్దాల పని నేర్పాలి, అక్కడే నివసించాలి. ఆమె ఎవరినీ అడగకుండా ఒప్పుకున్నది. తమ్ముడు ఒక లిఫ్టు గోతిలోకి దిగి, పట్టాలకు గ్రీజు పూస్తున్న సమయంలో ఫోనులో ఆమె సందేశం వచ్చింది. ‘పని వచ్చింది. శనివారం వెళ్తాను.’ వారిద్దరి మధ్య రాతలు ఎప్పుడూ అంతే. బియ్యం నిండుకున్నాయి, తాళం పక్కింట్లో ఉంది, రావడం ఆలస్యం. చిన్ననాటి బడిలో ఆమెకు అబ్బిన చదువు ఆ మాత్రమే. అక్కడ పిల్లలు మాట్లాడుకోవడానికి చేతులు కదిపితే వ్రేళ్ళపై బెత్తంతో కొట్టేవారు.

ఆనాటి నుండి అతనిని ఒకే సందేహం తొలిచివేసింది. అక్క ఇష్టపడి వెళుతున్నదా, తమ మీద కోపంతో వెళుతున్నదా? అడిగి తెలుసుకోవలసిన మాటే. అయితే ఎలా అడగాలో అతనికి తెలియదు.

“మనం వదినని ఏమన్నా అన్నామా?” అని భార్య కూరగాయలు తరుగుతూ మథనపడింది. “మీరేమన్నా అన్నారా?”

“నేనేమంటానే? అన్నా వినబడొద్దూ?”

“ఛీ, అదేం జోకండీ!”

నోరు జారినందుకు అతడే తల దించుకున్నాడు.

శనివారం ఉదయం, ప్రయాణపు పెట్టె కోసం అతడు అక్కగారి గదిలోని అటక ఎక్కాడు. పెట్టె వెనుక, దారంతో కట్టిన ఒక అట్టపెట్టె చేతికి తగిలింది. ముడి విప్పి చూచి, అక్కడే చతికిలబడిపోయాడు.

“ఏమండీ, పెట్టె దింపుతారా, అటకమీదే కాపురం పెడతారా?” అని క్రిందినుండి భార్య కేకవేసింది.

అట్టపెట్టెలో ఉన్నది బూడిదరంగు వీడియో గేమ్ యంత్రం, రెండు జాయ్‌స్టిక్‌లు, ఒకే ఒక క్యాసెట్. తండ్రి సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసే రోజులలో జపాను రేవునుండి తెచ్చిన వస్తువు. క్యాసెట్ మీది అక్షరం ఒక్కటీ ఇంటిల్లిపాదిలో ఎవరికీ చదవ రాలేదు. వీధి బాస్కెట్‌బాల్ ఆట అది. అందులో ఆటగాళ్ళు ఆటగాళ్ళవలె ఉండరు. రబ్బరు బూట్లు తొడిగిన చేపలాయన, ఈల వదలని పోలీసు, సంచి దింపకుండానే బంతి విసిరే తపాలా మనిషి. రైలు వంతెన క్రింది సందు ఆట స్థలం. పైన రైలు పోతే బంతి పిచ్చెక్కినట్లు ఎగురుతుంది. పిల్లి అడ్డం వస్తే అది దాటేవరకు ఇరుపక్షాలూ మర్యాదగా నిలబడతాయి. గోలకు విసిగిన ముసలమ్మ ఒకతె కిటికీ తెరచి, బకెట్టెడు నీళ్ళు నెత్తిన గుమ్మరిస్తుంది. తడిసినవాడు జారిపడతాడు, బంతి ఎదుటివాని పాలవుతుంది.

అందులో ఒక చిక్కు ఉన్నది. కిటికీ తెరుచుకునే ముందు కిర్రుమంటుంది. ఆ చప్పుడు తప్ప వేరే హెచ్చరిక లేదు. ఆ చప్పుడు అక్కకు అందదు. “దానికి చెప్పే పూచీ నీది, చెప్పకుండా గెలిస్తే అది గెలుపు కాదు” అని తండ్రి ఆనాడే కట్టడి చేసి, మళ్ళీ ఓడ ఎక్కాడు. కాబట్టి తమ్ముడు సైగలు కల్పించాడు. మోచేయి వణికిస్తే రైలు. చెంపలపై వ్రేళ్ళు సాగదీస్తే పిల్లి. నెత్తిపై అరచేయి బోర్లిస్తే బకెట్ ముసలమ్మ. చూపుడువ్రేలు చుట్టూ త్రిప్పితే ఇంకొక ఆట.

అతడు ప్రయాణపు పెట్టెను అక్కకు అందించి, యంత్రాన్ని దింపి, దుమ్ము దులిపి, తీగలలో తెగినదానిని అతికించి, హాలులోని టీవీకి తగిలించాడు. క్యాసెట్‌ను నోటితో ఊది లోపలికి నొక్కాడు. తెర రెండుమార్లు వణికి, చేపలాయన బూట్లు టపటపలాడిస్తూ ప్రత్యక్షమయ్యాడు. బట్టలు సర్దుతున్న అక్కగారు గుమ్మంలోకి వచ్చి, తెర చూచి, మడత పెట్టిన తువ్వాలును నేల జారవిడిచింది. మరుక్షణం తమ్ముని ప్రక్కన బాసిపట్టు వేసుకుని కూర్చున్నది.

చేతులు ఏదీ మరువలేదు. రైలుకు మోచేయి, పిల్లికి చెంపలు. ఇద్దరూ పిల్లలవలె ఒకరినొకరు భుజాలతో త్రోసుకున్నారు. వంటగదిలోనుండి తొంగిచూచిన భార్య, పొయ్యి మీది పాలు పొంగిపోయేవరకు అక్కడే నిలబడిపోయింది.

ఇదే అదను అనుకున్నాడు అతడు. ఆట మధ్యలో, గది గుమ్మంలోనుండి కనిపిస్తున్న ప్రయాణపు పెట్టెవైపు వ్రేలు చూపి, ఎందుకు అన్న భావంతో చేయి ఆడించాడు. ఆమె పెట్టె వంక చూచి, సర్దడం అయిపోవచ్చిందన్నట్లు తల ఊపింది. అతడు తన గుండెపై చేయి వేసుకుని, ఇంటిని చూపి, మళ్ళీ ఆమెను చూపాడు. ఆమె అతని వీపు తట్టి, చూపుడువ్రేలు గాలిలో త్రిప్పింది. ఇంకొక ఆట. రైలు, పిల్లి, బకెట్. ఇంతకు మించి తన వ్రేళ్ళలో ఒక్క మాట లేదని అతనికి అప్పుడు తెలిసివచ్చింది. మళ్ళీ జాయ్‌స్టిక్ పట్టుకున్నాడే కానీ, ఆట మీద మనసు నిలువలేదు.

ఇంతలో పాఠశాలవారి వ్యాను వచ్చింది. లోపలికి వచ్చినవారు ఇద్దరు: కుట్టుపని నేర్పే టీచరమ్మ ఒకరు, డ్రైవరు ఒకడు. టీచరమ్మకు వినబడుతుంది, తలిదండ్రులిద్దరూ బధిరులు కావడంచేత ఆమెకు సైగల భాష ఉగ్గుపాలతో అబ్బింది. డ్రైవరుకు పుట్టుకతోనే వినబడదు. కొన్నేళ్ళుగా సెలవు రోజులలో అక్కగారు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి కలుసుకునేది ఈ ఇద్దరినే. ఎక్కడికి వెళుతున్నదో ఇంటిలో ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఏదో కాలక్షేపం అనుకున్నారు.

వారిని చూడగానే అక్కగారు టీవీని చూపి, చెప్పడం మొదలుపెట్టింది.

తమ్ముడు నోరు తెరచుకుని చూచాడు. ఆమె చేతులు అంత వేగంగా కదలగలవని అతడు కలలో కూడా ఊహించలేదు. కనుబొమలు, భుజాలు, బుగ్గలు, నడుము అన్నీ మాట్లాడుతున్నాయి. చేపలాయన నడక నడిచింది, పోలీసు ఈల ఊదింది. ఆ తరువాత క్రింద కూర్చుని, బుగ్గలు పూరించి, క్రింది పెదవి పళ్ళతో బిగించి, కిటికీవైపు దొంగచూపు చూచి, ఏమీ ఎరుగనట్లు ముఖం పెట్టింది. అంతలో తలపై నీళ్ళు పడినట్లు ఉలిక్కిపడి, ఇంకొకవైపు తిరిగి, మళ్ళీ ఏమీ ఎరుగని ఆ ముఖంతోనే, పని అంతా అయ్యాక తీరికగా అరచేయి బోర్లించింది. డ్రైవరు పొట్ట పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు.

“అయ్యో రామ, వదినకి ఇంత వేళాకోళం తెలుసా!” అన్నది భార్య.

“మీకు తెలీదా? మా దగ్గర ఈవిడ నోటికి, అదే, చేతికి అడ్డే లేదు. కూర్చుంటే లేవనివ్వదు,” అన్నది టీచరమ్మ నవ్వుతూ.

“ఇంతకీ ఏమంటోందమ్మా?” అని మెకానిక్కు అడిగాడు.

“మిమ్మల్నేనండీ ఆడిపోసుకుంటోంది! బంతి తన చేతిలో ఉన్నప్పుడు కిటికీ కిర్రుమంటే మీరు వెంటనే చెప్పేవారు కాదట. చెప్పకూడదనుకున్నప్పుడల్లా పెదవి కొరుక్కునేవారట. ఆ పెదవి చూసే కిటికీ తెరుచుకోబోతోందని కనిపెట్టేసేదట.”

అతని ముఖం జేవురించింది. “తెలిస్తే పక్కకి తప్పుకోవచ్చుగా? ప్రతిసారీ తడిసేదే!”

టీచరమ్మ ఆ మాట చేతులతో చెప్పింది. అక్కగారు నవ్వు ఆపకుండానే, కొద్దిపాటి కదలికలతో బదులిచ్చింది.

“ఓడిపోతే మీరు జాయ్‌స్టిక్ విసిరికొట్టి వీధిలోకి పోయేవారట. మీరు పోతే ఆ సాయంత్రం తనతో మాట్లాడే దిక్కుండేది కాదట. తడిస్తే పోయిందేముంది, బొమ్మేగా తడిసేది అంటోంది.”

టీచరమ్మ దానిని కూడా నవ్వుతూనే చెప్పబోయి, అతని వాలకం చూచి మాట మధ్యలో గొంతు తగ్గించింది. డ్రైవరు ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నాడు. అక్కగారికి అది ఎప్పుడో నవ్వుకు వచ్చిన సంగతి. అతనికి మాత్రం అప్పుడే చేరిన కబురు. తాను పిల్లల ఆటగా కల్పించి వదిలివేసిన నాలుగు సైగలు ఆమెకు ఆ ఇంటిలోని సంభాషణ అంతా. ఆ నాలుగింటికి అయిదవది చేర్చాలని అతనికి తోచలేదు. పైగా పనిలో కుదిరిన కొత్తలో, గదిలో అడ్డంగా ఉన్నదని ఆ యంత్రాన్ని దారంతో కట్టి అటకపైకి ఎక్కించినది తానే. ఆనాడు అక్క నిచ్చెన పట్టుకుని నిలబడింది. వద్దనలేదు. వద్దని ఉంటే మాత్రం, తనకు అర్థమై ఉండేదా?

డ్రైవరు సామాను వ్యానులోకి చేర్చాడు. మరదలు కావలించుకుని ఏడ్చింది. అక్కగారు ఆమె కన్నీళ్ళు కొంగుతో తుడిచి, బుగ్గ గిల్లింది. మెకానిక్కు టీచరమ్మను గుమ్మం అవతలికి పిలిచాడు.

“మా మీద కోపంగా ఉందా అని ఎలా అడగాలమ్మా?”

“నేనడుగుతాను లెండి.”

“కాదమ్మా. నేనే అడగాలి.”

ఆమె వ్రేళ్ళు వంచి ముఖం ముందునుండి పైకి లాగి చూపింది. “ఇది కోపం. కనుబొమలు మాత్రం పైకెత్తండి. ఎత్తకపోతే అడిగినట్టుండదు, తిట్టినట్టుంటుంది.”

అతడు అక్కగారి ఎదుట నిలబడి, లిఫ్టు తలుపులు లాగి మొద్దుబారిన వ్రేళ్ళను వంచి పైకి లాగాడు. కనుబొమల సంగతి మరిచాడు. ఆమె ఉలికిపడి, నామీదా నీకు కోపం అన్నట్లు తన రొమ్ముపై వ్రేలు ఆనించింది. అతడు కంగారుగా తల అడ్డంగా ఊపాడు. ఆమెకు విషయం బోధపడింది. దగ్గరకు వచ్చి, రెండు బొటనవ్రేళ్ళతో అతని కనుబొమలను పైకి నెట్టి, మళ్ళీ అడుగు అన్నట్లు నిలబడింది.

అతడు మళ్ళీ అడిగాడు.

ఆమె భుజాన ఉన్న సంచిని దింపి నేలపై ఉంచింది. బదులు చెప్పడం మొదలుపెట్టింది.

“ఏమంటోందంటే—” అని టీచరమ్మ అందుకోబోయింది. అక్కగారు ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, వద్దని తల ఊపి, తమ్మునివైపు తిరిగింది. టీచరమ్మ రెండడుగులు వెనుకకు వేసి, చూపు వీధివైపు మరల్చుకున్నది.

మొదట ఆమె చేతులు పసివానికి చెబుతున్నట్లు మెల్లగా కదిలాయి. తరువాత వేగం పుంజుకున్నాయి. ఒకచోట ఇల్లు వంటి ఆకారం కనిపించిందనుకున్నాడు. అది తలుపేమో కూడా. ఒకచోట ఆమె కళ్ళు చెమర్చాయి, వెంటనే పెదవులపై నవ్వు వచ్చింది. ఆ రెండింటి నడుమ ఏమి జరిగినదో అతనికి తెలియలేదు. అర్థమైనట్లు తల ఊపాడు. ఆమె టక్కున ఆగి, అతని కళ్ళలోకి చూచి, వదిలిన చోటికి వెళ్ళి మళ్ళీ చెప్పింది. అతడు ఈసారి తల ఊపలేదు. వ్యాను తలుపు తెరిచి ఉన్నది, డ్రైవరు తొందరపెట్టలేదు. ఆమె చెబుతూనే ఉన్నది, అతడు కన్నార్పకుండా ఆ చేతులవైపే చూస్తూ నిలబడ్డాడు.