అక్క వేసిన ఒట్టు

కువైట్‌లో, సల్వా అనే పేటలో, ఒక అరబ్బుల ఇంట్లో మేమిద్దరమే పనిమనుషులం. నేను అక్కా అని పిలిచే ఆమెది వంట, నాది మిగతా చాకిరీ అంతా. అక్క కడప సాయిబుల ఇంటి ఆడబిడ్డ, ఐదు పూటలా నమాజు తప్పదు. నాది రాయచోటి పక్క పల్లె. నాకు భక్తి తక్కువ, నోరెక్కువ.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం పక్కింటి పనిపిల్ల గోడ దూకి మిద్దె మీది మా గదిలోకి వచ్చింది. మన గోదావరి పిల్లే. ముంజేతుల నిండా ఇస్త్రీపెట్టె వాతలు. రెండేళ్లుగా గడప దాటనివ్వలేదట. "నిన్ను కొనుక్కున్నాం" అనేవాళ్లట. మన ఎంబసీకి చేర్చగల తెలిసిన డ్రైవరు ఒకడున్నాడు గానీ, శుక్రవారం దాకా రాడు. అంతవరకూ దాచాలి. దొరికితే మళ్లీ ఆ ఇంటికే.

"ఈళ్ల ఉప్పు తింటా ఈళ్లకు తెలీకుండా దాచిపెట్టేదా? అల్లాకు నేనేం జవాబు చెప్పాల?" అంది అక్క.

"శరణని వచ్చినదాన్ని తరిమేస్తే మీ అల్లా మెచ్చుకుంటాడా? మా దేవుడైతే మెచ్చడు!" అని ఎగిరాను.

అక్క ఆ పిల్ల ముంజేతులు పట్టుకుని చూసింది. "బానిసను ఇడిపిస్తే పుణ్యమనే చెప్పినార్లే. ఉండనీ. అబద్ధం చెప్పమంటే మాత్రం నా వల్ల కాదుమే" అంది. గెలిచానని నాకు ఒకటే సంబరం.

మధ్యాహ్నాలు ఇల్లంతా నిద్రపోయేది. అప్పుడు పక్కింటి ముసలామె గోడ అవతల నిలబడి ఆ పిల్లను పిలిచేది. కోపం లేదు, కేకలు లేవు. పిల్లిని పిలిచినట్టు మెల్లగా, "తాలీ... తాలీ..." రా, రా అని. పైన ఆ పిల్ల నిలవలేక నీళ్ల ట్యాంకుల మధ్య అటూ ఇటూ నడిచేది. ఆ అడుగులు కింద వంటింట్లోకి వినబడేవి.

రెండో రోజు మా ఇంటి యజమానురాలు, మేం 'మామా' అని పిలిచే ఆమె, వంటింట్లోకి వచ్చి, కప్పు వైపు చూస్తూ నిలబడింది. "పైన ఎవరు?"

"ఎవరూ లేరు మామా, ఒట్టు!" అన్నాను.

"నీ ఒట్టు నాకొద్దు. నువ్వు మా మతం కాదు" అని, ఖురాన్ తెచ్చి అక్క ముందు పెట్టింది. "నువ్వు చెప్పు."

అయ్యో, ఇది నాకు తట్టనే లేదు! వాదించింది నేను, ఒట్టు అడిగేది ఆమెను. అక్క నా వైపు చూడలేదు. కొళాయి దగ్గరికి వెళ్లి నమాజుకు కడుక్కున్నట్టే చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుంది. అబద్ధం చెప్పడానికి. వచ్చి ఖురాన్ మీద చెయ్యి పెట్టి, "వల్లాహి, అల్లా మీద ఒట్టు, పైన ఎవరూ లేరు" అంది. అంతవరకూ వినబడుతున్న అడుగులు ఆగిపోయాయి.

మామా మళ్లీ అడగలేదు. శుక్రవారం డ్రైవరు వచ్చి పిల్లను తీసుకుపోయాడు. ఎంబసీకి చేరిందని కబురూ వచ్చింది. అక్క ఉపవాసాలు మొదలుపెట్టింది. ఒట్టు తప్పితే మూడు రోజుల ఉపవాసమని ఎక్కడో విని, మూడు రోజులతో ఆపుతావా అని అడిగాను.

"మూడు రోజులు మాట తప్పిన ఒట్టుకుమే. తెలిసి ఏసిన దొంగ ఒట్టు ఎన్ని రోజులకూ తీరదు" అంది.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, ఉల్లిపాయలు తరుగుతున్న అక్క కత్తి ఆపి కప్పు వైపు చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఇంకా నడస్తానే ఉండాది. నీకు ఇనపడలేదా?"

నాకూ వినబడుతున్నాయి. ట్యాంకుల నుంచి మెట్ల దాకా, మళ్లీ వెనక్కి.

"లేదక్కా" అన్నాను.

నన్ను ఒట్టు వేయమని ఎవరూ అడగలేదు.