వాళ్లు కత్తిరించిన మాట

దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు మేం నలుగురం కలిసి ఒక దయ్యం షార్ట్ ఫిల్మ్ తీశాం. శ్రవణ్ డైరెక్టర్, నేను హీరోయిన్. అల్మాస్‌గూడలో ఖాళీగా ఉన్న ఇంట్లో షూటింగ్. స్టోర్‌రూంలోకి వెళ్లి వెంటనే బయటికి రావాలన్నారు. నేను లోపలికి వెళ్లగానే బయట గడియ పడింది.

చిమ్మచీకటి. "శ్రవణ్, తలుపు తియ్యిరా! ఊపిరాడ్తలేదు!" అని గోళ్లు విరిగేలా తలుపు బాదాను. ముగ్గురూ కెమెరాతో బయటే ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

చివరికి తలుపు తీసి శ్రవణ్ నవ్వాడు. "ముందే చెప్తే గింత న్యాచురల్‌గ ఒస్తదా?"

సినిమాలో శ్రవణ్‌ని పిలిచిన నా మాటలు కత్తిరించి, అరుపు మాత్రం ఉంచారు. కాలేజీ అంతా చప్పట్లు కొట్టింది. నేను ఇప్పటికీ బాత్రూం గడియ పెట్టను, తలుపు దగ్గరికి వేసుకుంటానంతే. వాడు మాత్రం ఆ సీను చూపించుకుని తిరుగుతున్నాడట.

నువ్వు కత్తిరించింది నీ పేరే, శ్రవణ్.