పాటగాడు ఆకు మానేసిన పది రోజులు

చనిపోయినవాడికి ఇష్టం లేదని చెప్పడం చాలా సులభం. లేచి వచ్చి కాదనడు కదా. మా కోవిల్‌పట్టిలో టీ అంగడి దగ్గర నిలబడి, గ్లాసు ఊదుకుంటూ, నా స్నేహితుడి మనసులో ఏముండిందో నాకే చెబుతున్నారు జనం. "పాపం, పెద్దాయనకు మళ్ళీ పాడాలని లేదు. బలవంతంగా ఒప్పించారు. ఒక కచేరికి తల ఊపితే మూడు తగిలించారు. ఆ బెంగతోనే పోయాడు." ఇలా అన్నవాళ్ళలో సగం మంది ఆయన పాట ఒక్కటైనా ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళు కారు. ఒకాయనైతే ఫోను ముందు కూర్చుని ఇదే సంగతి గంభీరంగా మాట్లాడి, వెనక ఏడుపు వయొలిన్ ఒకటి తగిలించి ఊరంతా పంపించాడు. బలవంతం చేసినవాడి పేరు చెప్పలేదు. "పోస్టర్లు వేసే ఒక ముసలాయన" అన్నాడు. ఈ చుట్టుపక్కల పోస్టర్లు వేసే ముసలాయనలు ఎంతమంది ఉన్నారయ్యా?

అందుకే రాస్తున్నాను.

నేను చదివింది అయిదో తరగతి, అదీ అరవంలో. తెలుగు మా ఇళ్ళలో మాట్లాడుకునేదే తప్ప చదువుకునేది కాదు. వయసులో ఉన్నప్పుడు తిరుత్తంగల్‌లో ఒక అచ్చాఫీసులో పనికి కుదిరాను. ఆంధ్రాకు పోయే క్యాలెండర్ల కోసం అక్కడ తెలుగు సీసపు అక్షరాలు ఉండేవి. వాటిని ఏరి వరుసలో పేర్చడం నా పని. సీసపు అక్షరం తిరగబడి ఉంటుంది. కాబట్టి నేను తెలుగును ముందు తిరగేసి నేర్చుకుని, తర్వాత సరిచేసుకున్నాను. నాకు గురువు లేడు. తప్పు చదివితే తిట్టే ఫోర్‌మన్ ఉండేవాడు, అంతే.

అక్కడికే ఒక రోజు మా పాటగాడు వచ్చాడు, తన క్యాసెట్టు మీద అతికించే బొమ్మ అచ్చు వేయించుకోవడానికి. మా పక్క వీధివాడే, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇప్పటివాళ్ళు పాప్ స్టార్ అంటారే, మా మిరపకాయల సీమకు ఆయనే అది. సినిమా పాటలు పాడేవాళ్ళు వీధికొకడు ఉండేవాడు. ఈయన మాత్రం సొంతంగా పాట కట్టి, సొంతంగా వరస కట్టి, గిటారు తగిలించుకుని పాడేవాడు. పాట అరవంలో, తిట్లు తెలుగులో. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. మాది నల్లరేగడి నేల. వాన పడితే ఎద్దు కాలు కూడా దిగబడుతుంది. ఆ బూట్లు మాసిపోకుండా వ్యాను నుంచి వేదిక దాకా గోనెసంచులు పరిచేవాళ్ళం. విరుదునగర్‌లో అవి మిరపకాయల సంచులు. రాజులాగా నడిచి వచ్చి, మైకు ముందు నిలబడి, చేతులు చాచి, మొట్టమొదట తుమ్మేవాడు. ముందు వరసలో ఉన్నవాళ్ళూ తుమ్మేవాళ్ళు. అది కూడా పాటలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

అమ్మవారి గుళ్ళలో పొంగలి జాతర్ల సీజన్ వస్తుందంటే పది రోజుల ముందే ఇల్లు వదిలి విరుదునగర్‌లో ఒక లాడ్జికి చేరేవాడు. ఆయన పోస్టర్ల పని నాదే కాబట్టి నేనూ అక్కడే. కచేరి ముగిసి, తెర వెనక్కి వచ్చి ఆయన మొట్టమొదట చేయి చాచేది తమలపాకు కోసం. తర్వాతే నూనెలో వేయించిన పరోటా, తర్వాతే మనుషులు.

క్యాసెట్ల కాలం పోయింది, ఆయన కూడా పాట మానేశాడు. ఇరవై ఏళ్ళు వాకిటి అరుగు మీద కూర్చుని ఆకు నమిలాడు. ఇత్తడి ఆకుపెట్టె ఒళ్ళో, ఉమ్మే గిన్నె పక్కన. ఎప్పుడు చూసినా నోరు ఎర్రగా ఉండేది. పిల్లలకు ఆయన పాటగాడని తెలియదు. ఆకు తాత అనేవాళ్ళు.

మళ్ళీ పాడమని నేను అడగలేదు. ఇది పెద్ద అక్షరాలతో వేయాల్సిన మాట. ఒక పెళ్ళికి పోయి వస్తూ విరుదునగర్ స్టేషన్లో బండి కోసం కాచుకుని ఉన్నాము. ఎదురు ప్లాట్‌ఫారం మీద ఎవడో ఫోనులో ఏదో సినిమా పాట గట్టిగా పెట్టాడు. ఈయన నోట్లో ఉన్నది ఉమ్మేసి వచ్చి అన్నాడు:

"ఏమ్‌రా, నా గొంతు ఇంకా ఉందిరా."

"ఎక్కడన్నా? ఆకులోనా?"

"నవ్వు నవ్వు. పోయేలోపల ఒక తూరి నిలబడి చూస్తాను. ఆడనే, ఆ మిరపకాయల ఊళ్ళోనే."

ఇంత జరిగింది. విన్నవాణ్ణి నేను ఒక్కణ్ణే. ఇదే నా ఖర్మ.

నేను వెళ్ళి విరుదునగర్ పొంగలి కమిటీ వాళ్ళ చెవిన వేశాను. వాళ్ళు ఎగిరి గంతేశారు. ఇక్కడ నా తప్పు ఒకటుంది, దాచను. కమిటీ వాళ్ళు ఆయనకు తాంబూలం ఇవ్వడానికి రెండు రోజుల ముందే నేను పోస్టరు వేయించేశాను. చేయి ఊరుకోలేదు. తెల్ల బూట్ల పాత ఫోటో దొరికింది, మంచి ఎరుపు రంగు దొరికింది, వేసేశాను.  పోస్టరు ఇస్తే ఆయన వెలుతురుకు పట్టి చూసి, చుట్టి గూట్లో పెట్టుకున్నాడు.

కమిటీ వాళ్ళు తాంబూలం తెచ్చిన రోజు పళ్ళెం పట్టుకున్నది నేనే. అరటిపళ్ళు, నిమ్మకాయ, ఆకులు, పగలగొట్టని వక్క ఒకటి. ఆయన రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. వక్కను చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. మా వదిన, అంటే ఆయన భార్య, తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. తర్వాత పది రోజులు నేను తిరుత్తంగల్ అచ్చాఫీసుకూ విరుదునగర్ గోడలకూ మధ్య తిరుగుతూ వాళ్ళ గడప తొక్కలేదు. పదకొండో రోజు తెల్లవారి ఆయన నిద్ర లేవలేదు. గుండె అన్నారు. కచేరికి ఇంకా వారం ఉంది.

పలకరించడానికి వెళితే వదిన నన్ను చూసి అరవంలో మాట్లాడింది.

మా వాళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఇది అర్థం కాదు. మేము గడప దాటితే అరవం, లోపల తెలుగు. కూరగాయల ఆమెతో అరవం, కరెంటు మనిషితో అరవం, సొంత మనిషితో తెలుగు. యాభై ఏళ్ళుగా ఆ ఇంట్లో నన్ను "దా మరిదీ" అని పిలిచిన మనిషి, తలుపు సగం మూసి, "యారు వేణుం?" అంది. ఎవరు కావాలి, అని. చెప్పుతో కొట్టినా ఓర్చుకుందును.

రెండోసారి వెళ్ళాను. "ఇంట్లో ఎవరూ లేరు" అంది, అరవంలోనే, తనే ఎదురుగా నిలబడి. ఊరి మాటలకు నాకు కోపం వచ్చింది గానీ భయం రాలేదు. ఇక్కడ భయం వచ్చింది. పోస్టరు అచ్చయిపోయాక కాదనలేక ఆయన చేయి చాచాడేమో. నేనే తోశానేమో. ఆ ప్లాట్‌ఫారం మాట సుమ్మా, ఊరికే నోటికి వచ్చిన మాటేమో. ఆకులు పంచుకున్నంత మాత్రాన ఒకడి మనసు ఇంకొకడికి తెలుస్తుందా?

నెల అయ్యాక మూడోసారి పోయాను. ఈసారి కదలలేదు. "తిట్టు వదినా, తిట్టి పంపించు" అన్నాను. అరవంలో మొదలుపెట్టింది. నాలుగు మాటలు కాకముందే, కోపం ఎక్కువై, తనకు తెలియకుండానే తెలుగులోకి దిగింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఆకూ వక్కా తెచ్చి చేతికిచ్చినారు. తీసుకొన్నాడు. నమిలినాడా? లేదు! ఆకు తెంపి నోట్లో ఏసుకొంటేనే గదా మాట? నా పెండ్లికి మా నాయన నమల్లేదా? అందరి ముందర ఈయన ఊరికే చేతిలో పెట్టుకొని కూకొన్నాడు. ఆడనే తెలిసె నాకు, సమ్మదం లేదని."

మా ఇళ్ళలో అది నిజమే. పెళ్ళి మాటైనా, పొలం మాటైనా, ఆకు కొస తుంచి నోట్లో వేసుకుంటేనే ఒప్పుకున్నట్టు.

"ఆ దినం నుంచి ఆకే మానేసినాడు. ఇరవై ఏండ్లు మేక మాదిరి నమిలిన మనిసి! పేచ్చు లేదు, మాట లేదు. నేనేమన్నా అడిగితే తల ఆడిస్తాడు, అంతే. పెరుగు వద్దు. వేరుశెనగ కడలమిట్టాయి చేతికిస్తే పక్కన పెట్టేసినాడు. ఎవురన్నా కడలమిట్టాయి వద్దంటారా, ఈ ఊళ్ళో పుట్టి? ఉడుకునీళ్ళు తాగి గోడ చూసుకొని కూకొంటాడు. మోకాలి మింద చేతి ఏళ్ళు వణుకుతాంటాయి. మనసిరిగిపోయింది నా మొగుడికి. బలవంతంగా కట్టాయపెట్టి చంపేసినావు గదయ్యా!"

నేను నవ్వాను. చావు జరిగిన ఇంటి వాకిట్లో నిలబడి, పళ్ళు లేని నోటితో, పగలబడి నవ్వాను. ఇంతకంటే పెద్ద తప్పు నా జన్మలో చేయలేదు.

"నవ్వుతాండావా? ఒరేయ్, నవ్వుతాండావా?" చీపురు కోసం అటూ ఇటూ చూసింది.

"వదినా, కొట్టు. కొట్టే ముందర ఒకటి చెప్పు. ఆ ఏళ్ళు ఎట్ల వణికినాయి? చేసి చూపించు."

"పిచ్చి పట్టిందా నీకు?"

"చూపించు తల్లీ."

కోపంగానే అరుగు మీద కూర్చుని, మోకాలి మీద వేళ్ళు ఆడించింది. మూడు గబగబా, ఒకటి ఆగి, మళ్ళీ రెండు. మళ్ళీ మూడు. నేను తలుపు మీద అదే కొట్టాను, కాస్త గట్టిగా. రెండోసారి కొట్టేటప్పటికి ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఆయన ప్రతి కచేరీలో మొదట పాడే పాట, తుమ్ము తర్వాత వచ్చే పాట. దాని తాళం అది. ఈ ఊళ్ళో ఒకప్పుడు సోడా బండివాడు కూడా సీసాల మీద ఆ తాళం వేసేవాడు.

"అది వణుకు కాదు వదినా. పాడుకుంటాండాడు, లోపల్లోపల."

అప్పుడు చెప్పాను. సీజన్‌కు పది రోజుల ముందు విరుదునగర్ లాడ్జిలో ఆయన ఏం చేసేవాడో. ఆకు ముట్టడు, గొంతు గరగర అంటుందని. పెరుగు ముట్టడు, వేరుశెనగ ముట్టడు. మాట్లాడడు. లాడ్జి మనిషి ఈయన మూగవాడనుకుని చేతులతో సైగ చేసేవాడు. వేడినీళ్ళలో మిరియం, తాటి కలకండ. లాడ్జిలోనే పుచ్చుకున్న కచేరి తాంబూలం వక్కను నమలకుండా దాచి, చివరి పాట అయ్యాక తెర వెనక, నేను ఇచ్చిన ఆకులో చుట్టి అప్పుడు వేసుకునేవాడు. పాడితేనే మాట చెల్లినట్టు, అంతకుముందు నమిలితే అప్పు తిన్నట్టు అనేవాడు. ఈ పదిరోజుల నోము ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయన ఇంటికి వచ్చేది అంతా అయ్యాక, నోరు ఎర్రగా చేసుకుని. ఈసారి ఇరవై ఏళ్ళ ఆకు వదిలించుకోవాలి కాబట్టి ఇంకో వారం ముందే మొదలుపెట్టినట్టున్నాడు, ఇంట్లోనే.

వదిన మోకాలి మీద అదే తాళం ఇంకోసారి వేసి చూసుకుంది. తర్వాత లేచి లోపలికి పోయి ఇత్తడి పెట్టె తెచ్చింది. ఆయన పోయాక ఎవరూ తెరవలేదట. మూత బిగుసుకుపోయింది, నేనూ ఆమే చెరోవైపు పట్టి లాగాము. లోపల ఆకులు లేవు, సున్నం ఎండి రాయి అయింది. ఒక పాత జేబురుమాలులో మూడు వక్కలు, పగలగొట్టనివి.

"ఇది నువ్వు తెచ్చింది. ఈ రెండూ?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. మూడు కచేరీలని ఊళ్ళో అంటుంటే గాలిమాట అనుకున్నాను. ఆమే గుర్తు చేసుకుంది.

"నేను కొళాయి కాడ ఉంటే ఎవురో కారులో వచ్చి పోయినారు. తిరుచ్చుళి ఊరోళ్ళంట. ఇంకో దినం ఈ ఊరోళ్ళే. ఎవురయ్యా అంటే తల ఆడించినాడు. పళ్ళు మాత్రం నాకిచ్చినాడు, అరటిపళ్ళు. నేను తినేసినాను. ఎందుకిచ్చినారో అడగలేదే!"

మూడు కచేరీలు, మూడు వక్కలు. నేను లేనప్పుడు, పళ్ళెం పట్టేవాడు లేనప్పుడు, తన చేత్తో తీసుకుని దాచుకున్నవి రెండు. ఇంతకంటే ఎవడికి ఏం రుజువు కావాలి? నాకు కావాల్సింది దొరికింది. పోస్టరు ముందే వేసిన తప్పు తప్పే. కానీ ఆయన్ను నిలబెట్టింది పోస్టరు కాదు.

వదిన ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన్ను తిట్టింది. "ఒక మాట నోరు తెరిచి చెప్తే ఏమయ్యె? గొంతు పోయుండునా? నేను కూడా వచ్చి ముందర కూకొందును గదా." తర్వాత ముక్కు తుడుచుకుని, రెండు వక్కలు రుమాల్లో కట్టి, మూడోది నా చేతిలో పెట్టింది.

"నువ్వు పట్టుకొచ్చింది. నువ్వే నమలు."

"నాకు పళ్ళేవి వదినా?"

"చప్పరించు. లోపలికి దా, కాఫీ పెడతాను. దా మరిదీ."

కాఫీ తాగి, వక్క బుగ్గన పెట్టుకుని ఇంటికి బయలుదేరాను. టీ అంగడి దగ్గర మామూలు సభ నిండుగా ఉంది. నన్ను చూసి ఒకడు కేక వేశాడు, "ఏం తాతా, నిజం చెప్పు, ఆయనకు ఇష్టమేనా, లేదా?" ఎప్పుడైనా అయితే నిలబడి అరగంట పోట్లాడేవాణ్ణి. ఆ రోజు నోట్లో వక్క ఉంది. ఆగి, ఆయన మాదిరే తల ఆడించి వచ్చేశాను.

అది కరగడానికి మూడు రోజులు పట్టింది. నోరు ఖాళీ అయ్యాక ఇది రాశాను.