పండుగప్పల జాడ తీస్తూ పాతబస్తీకి

హైదరాబాదు వెళ్ళే ఆలోచన నాకు లేదు. ఒక ఉత్తరం వల్ల వెళ్ళాల్సి వచ్చింది.

అప్పట్లో నేను వాల్తేరులో జంతుశాస్త్ర పరిశోధక సహాయకుణ్ణి. మా విశ్వవిద్యాలయమూ ప్రభుత్వ చేపల శాఖా కలిసి రెండేళ్ళుగా ఒక పని చేస్తున్నాయి. పండుగప్ప చేపలను ప్రాణంతో పట్టి, పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి, నంబరూ మా అడ్రసూ చెక్కిన సన్నని రేకు లోపలికి జొనిపి మళ్ళీ సముద్రంలో వదలడం. ఆ చేప తరువాత ఎక్కడ చిక్కిందో తెలిస్తే అది తిరిగే దారి తెలుస్తుంది. పడవా మనుషులూ శాఖవారివి, రేకులూ రిజిస్టర్లూ మావి. చేపలు కోసే చోట రేకు దొరికితే అందించమని తీరమంతా చెప్పించాం. ఒక్కటీ రాలేదు.

పడవ నడిపే సరంగు అప్పన్న చేపలను వదలకుండా అమ్ముకుంటున్నాడని అనుమానం పుట్టింది. "నా సేత్తోనే ఒదిలీసినాను బాబూ" అన్నాడతను. నేను నమ్మలేదు. నమ్మదగిన మనిషి కాడని రిపోర్టు రాసింది నేనే. అతన్ని పడవ దింపేశారు. పని మూసెయ్యాలా వద్దా అని తేల్చడానికి సోమవారం సమావేశం పెట్టారు.

అంతకు ముందు మంగళవారం ఆ కవరు వచ్చింది. లోపల మా రేకు, ఒక చీటీ. "వండుకోవడానికి కొన్న చేపలో ఇది దొరికినది. సుగుణమ్మ, ఉపాధ్యాయిని, బహదూర్‌పురా, హైదరాబాదు."

"సముద్రం లేని ఊళ్ళోనా?" అన్నారు ప్రొఫెసరుగారు. మర్నాడే వెళ్ళి కనుక్కురమ్మన్నారు.

బుధవారం ఉదయం ఏడింటికి బెజవాడ బండి మూడో తరగతిలో ఎక్కాను. బెజవాడ చేరేసరికి నాలుగు దాటింది. బండి మారేవారు ఇక్కడే కడుపు నింపుకోవడం మేలు, ఆ పైన టీ తప్ప ఏమీ దొరకదు. ఆరింటికి హైదరాబాదు బండి వచ్చింది. నా పక్కన ఒక పొగాకు వ్యాపారి కూర్చున్నాడు. నేను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవడం చూసి నవ్వాడు.

"వెనక డబ్బాల చేపలున్నయి సార్. రోజు ఐస్ పెట్టెలల్ల పోతయి. పట్నంల తినెటోళ్ళు మస్తు."

"కోసి పంపుతారా?"

"కోస్తె ఖరాబైతయి గదా. గట్లనే నిండు చేపను పంపుతరు."

మేము రేకుల కోసం కోసే చోట్లన్నీ వెతికించాం. కొయ్యకుండా ఊరు దాటిపోయే చేప సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు సికింద్రాబాదులో దిగి రెండంతస్తుల బస్సులో అఫ్జల్‌గంజ్ వెళ్ళాను. అక్కడి ధర్మశాలలో శుభ్రమైన గది దొరికింది. స్నానం చేసి, ఇరానీ హోటల్లో చాయ్, బన్ను తీసుకుని, రిక్షాలో మూసీ దాటి బహదూర్‌పురా చేరేసరికి పదిన్నర. బడికి సెలవు కావడంతో సుగుణమ్మగారు ఇంట్లోనే ఉన్నారు. గోడ మీద ఏసుక్రీస్తు పటం, దాని కింద కుట్టు మిషను. భర్త బస్సు డిపోలో మెకానిక్.

"కోస్తాంటె కత్తికి తాకింది సార్" అన్నారామె. "చూస్తె ఇంగ్లీషుల అడ్రసుంది. పోస్టు చేసిన. తప్పయిందా ఏంది?"

తప్పేమీ లేదని చెప్పి, చేప ఎంతుందని అడిగాను.

ఆమె కుడిచెయ్యి చాచి భుజం దాకా చూపించారు. "గింత. మూడిండ్లోళ్ళం పంచుకున్నం."

సంచిలోంచి రిజిస్టరు నకలు తీశాను. ఆ నంబరు చేపను పద్నాలుగు నెలల కింద వదిలాం. అప్పుడు దాని పొడవు జానెడు. వదలకుండా అమ్ముకున్న చేప అంత పెరగదు. సముద్రంలో తిరిగితేనే పెరుగుతుంది. నా మొహం చూసి సుగుణమ్మగారు మంచినీళ్ళు తెచ్చారు.

"మల్లమ్మ తాన కొన్నం. నయాపూల్ బ్రిడ్జికి ఇవతల బజార్ల కూసుంటది. పాండ్రి, నేను చూపిస్త" అన్నాడు భర్త.

మల్లమ్మకు యాభై ఏళ్ళుంటాయి. రాతి పలక మీద చేప తోముతూ నా ప్రశ్న విన్నది. చేతులు కడుక్కుని, గల్లా కింది నుంచి గుడ్డ మూట తీసి నా ముందు విప్పింది. నలభై దాకా రేకులు. తుప్పు మరకలతో, ఆరిన పొలుసులతో, అన్నీ మావే.

ఒక రేకు తీసి రుమాలుతో తుడిచి నంబరు చదివాను.

"పెద్ద చేపలల్లనే ఎల్లినయి బాపు" అందామె. "ఫస్ట్ భయమైంది, ఇసమేమో అని. సర్కారోళ్ళదై ఉంటది, ఎవలన్న అడగొస్తరు అన్నడు మా ఆయన. మాకు సదువు రాకపాయె, గందుకే దాచిన. ఏడాదాయె, ఎవలు రాలె."

"మాకు తెలియలేదమ్మా."

"చేప ఏడికి పోతదో తెల్వకుండనే ఇడుస్తరా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

పక్క దుకాణం మెట్ల మీద కూర్చుని నంబర్లన్నీ రిజిస్టరుతో సరిచూశాను. ప్రతి నంబరుకూ ఎదురుగా, చేపను వదిలినట్టు అప్పన్న వేలిముద్ర ఉంది. ఆ వేలిముద్రలనే నేను రిపోర్టులో దొంగ సాక్ష్యం అని రాశాను. అఫ్జల్‌గంజ్ పోస్టాఫీసు నుంచి ప్రొఫెసరుగారికి తంతి ఇచ్చాను. మరునాటి ఉదయం ధర్మశాలకు జవాబు వచ్చింది. "పని ఆపనివ్వను. వెంటనే రా."

శుక్రవారం సాయంత్రం తిరుగు బండి ఎక్కాను. చార్మినార్ చూడకుండానే వచ్చేశాను. చూశావా అని ఎవరడిగినా సిగ్గుగానే ఉంటుంది. కానీ ఈ దారిన వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఒకటుంది. తీరంలో పుట్టి, ఆ నీళ్ళ మీదే చదువుకున్న నాకు చేప సంగతి పాతబస్తీలో కత్తిపీట ముందు కూర్చున్న మనిషి చెబితే తెలిసింది.

తుని దాటేలోగా కొత్త రిపోర్టు రాసేశాను. తప్పు నాదేనని రాయడానికి పెద్దగా కష్టపడలేదు. అప్పన్న గుమ్మంలో నిలబడి అనవలసిన మొదటి మాట మాత్రం బండి వాల్తేరులో ఆగేదాకా దొరకలేదు.